అమావాస్యనాడు కదలని భూమి

కరోనా ఆంక్షలన్నీ ఎత్తేసిన మరుసటి వేసవిలో, పదవీ విరమణ కనుచూపు మేరలో ఉండగా, నన్ను గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో పెట్టబోయే తాత్కాలిక భూకంప నమోదు కేంద్రాలకు బాధ్యుడిగా వేశారు. ఆ ఏడాది మూడు జిల్లాల భూమి నా అదుపులో ఉండేదని ఇప్పటికీ పెళ్లిళ్లలో పక్క కుర్చీవాళ్లకు చెబుతుంటాను. నిజానికి నా అదుపులో ఉన్నవి మూడు గదుల తాళంచెవులు. వాటిలో ఒకటి ఎప్పుడూ డ్రైవర్ యాదగిరి జేబులోనే ఉండేది.

నా హోదా సీనియర్ టెక్నికల్ ఆఫీసర్. మా శాఖలో శాస్త్రవేత్తలు భూమి ఎందుకు కదిలిందా అని ఆలోచిస్తారు. ఆ కదలికను రాసుకునే యంత్రాలు ఆగిపోకుండా చూసేది టెక్నికల్ ఆఫీసర్లు. ఊళ్లలో మాత్రం అందరూ నన్ను ‘సైంటిస్టు సారు’ అనేవారు. నేను దిద్దేవాణ్ని కాదు. అంత దూరం నుంచి వచ్చి వాళ్ల మాట కాదనడం మర్యాద కాదు కదా.

కేంద్రాలు ఎందుకంటే, అంతకుముందు వానాకాలంలో కృష్ణ ఒడ్డు ఊళ్లలో నేల లోపలి నుంచి గుడగుడమని చప్పుడు వచ్చింది. అటక మీద గిన్నెలు కదిలాయి. మా ప్రాంతంలోలాగా అడుగంతా గట్టి రాయి ఉన్నచోట, భారీ వానల తర్వాత నీళ్లు రాతి పగుళ్లలోకి దిగి చిన్న చిన్న ప్రకంపనలు పుట్టిస్తాయి. సాధారణంగా ప్రమాదం ఉండదు. కానీ ‘సాధారణంగా’ అనే మాట వాకిట్లో మంచం వేసుకుని పడుకున్నవాళ్లకు చాలదు. అందుకని ధరూర్ వైపు ఒక ఊళ్లో ఒకటి, శ్రీరంగాపూర్‌లో ఒకటి, అమ్రాబాద్‌లో ఒకటి కేంద్రాలు పెట్టమన్నారు.

మూడే ఎందుకని చాలామంది అడుగుతారు. ఒక్క కేంద్రంతో ప్రకంపన ఎంత దూరంలో పుట్టిందో చెప్పొచ్చు గానీ ఎటు పక్క పుట్టిందో తేల్చడం కష్టం. మూడు ఉంటే మ్యాపు మీద మూడు వృత్తాలు గీసి, అవి కలిసేచోట వేలు పెట్టొచ్చు. మూడింటిలోనూ కనబడనిదాన్ని భూకంపం అనడానికి తొందరపడకూడదు. ఈ వాక్యం పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. నేను మర్చిపోయింది ఇదే.

ధరూర్ వైపు ఊళ్లో పాత పంచాయతీ కట్టడం వెనక ఒక ఖాళీ గది దొరికింది. నేల సిమెంటు కాదు. ఊరు కట్టక ముందు నుంచీ ఉన్న నల్లటి రాతిగుండునే చదును చేసి నేలగా వాడుకున్నారు. సీస్మోమీటరు అనే మా యంత్రానికి అంతకన్నా మంచి పీట ఉండదు. రోడ్డు లేదు, బోరు మోటరు లేదు, చెట్లు లేవు. చెట్టు ఉన్నా చిక్కే, గాలికి ఊగి వేళ్లతో నేలను లాగుతుంది. ఇక మిగిలింది చప్పుడు పరీక్ష. అంటే యంత్రాన్ని ఒక పగలంతా అక్కడ ఉంచి, ఆ చోటు ఎంత నిశ్శబ్దమో చూడటం.

బయల్దేరే రోజు పొద్దున యాదగిరి బండి బయటికి తీయకుండా బానెట్ తుడుస్తూ నిలబడ్డాడు.

“ఈయాల అమాస సారూ. అమాస పూట ఎవరన్న కొత్త పని మొదలువెడ్తరా? రేపు పోదం తియ్యుండ్రి.”

“సైన్సుకు అమావాస్య లేదు యాదగిరీ” అన్నాను.

“సైన్సుకు లేకుంటె లేకపాయె, బండికి ఉన్నది. పోయిన అమాసకే టైరు పలిగింది.”

శాస్త్రీయ దృక్పథం కోసం ఆ రోజు పట్టుబట్టి బయల్దేరానని మా కాలనీ గ్రంథాలయంలో ఒకసారి ప్రసంగించాను కూడా. నిజమేమంటే ఆ రోజే మా ఇంట్లో సున్నాలు వేస్తున్నారు. ఊళ్లో ఉంటే బీరువాలు జరపమంటారు.

ఆ ఊరు ఎంత నిశ్శబ్దంగా ఉందో చెప్పలేను. గది వెనక గోడకు ఆనుకుని ఎవరిదో ఇల్లుంది, దాని వాకిలి అవతలి సందులోకి. ఆ ఇంట్లోంచి చిన్న అలికిడి కూడా లేదు. సాయంత్రం రికార్డు చూసి, దక్కన్ పీఠభూమి మొత్తంలో ఇంత మౌనమైన చోటు లేదని ప్రకటించాను. దక్కన్ పీఠభూమి మొత్తం నేను చూడలేదు. చూసినవాటిలో అన్నా సరిపోయేది. పరీక్షకు పెట్టిన యంత్రాన్నే అక్కడ వదిలేసి, పైకప్పు మీద సోలార్ పలక బిగించి, డేటా హైదరాబాదుకు పంపడానికి సిమ్ కార్డు పెట్టి, తాళం వేసి వచ్చేశాం.

ఇక అసలు సంగతికి వస్తాను. సీస్మోమీటరు పంపేది అంకెల వరద. దాన్ని గీతగా మార్చి, అందులో ఏది ప్రకంపన, ఏది లారీ అని విడదీయడానికి సాఫ్ట్‌వేరు కావాలి. మా ఆఫీసులో డబ్బు పోసి కొన్న విదేశీ సాఫ్ట్‌వేరు ఉండేది. అది నడవాలంటే కంప్యూటరుకు పెన్‌డ్రైవులాంటి వేలెడంత తాళం ఒకటి గుచ్చాలి. ఆ తాళం గడువు సరిగ్గా అప్పుడే తీరింది. రెన్యువల్ ఫైలు ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి తీర్థయాత్రలు చేస్తోంది.

ప్రాజెక్టులో పరిశోధక సహాయకురాలిగా చేరిన శ్రీలత వనపర్తి అమ్మాయి. మాట సూటి.

“సార్, దునియాల సగంమంది వాడేది ఫ్రీ సాఫ్ట్‌వేరే. దింపుకుంటె అయిపాయె. ఇంత పరేషాన్ ఎందుకు?”

“ఉచితంగా వచ్చేదాంట్లో భూకంపాలు కూడా ఉచితంగానే వస్తాయమ్మా” అన్నాను. ఇది చాలా గొప్ప చమత్కారమనుకున్నాను. ఆమె నవ్వలేదు. తర్వాత జరిగింది చూస్తే అది జోస్యమని తేలింది.

మా విభాగంలోకి ఉచిత సాఫ్ట్‌వేరు తెచ్చిన మొదటివాణ్ని నేనేనని నా వీడ్కోలు సభలో చెప్పుకున్నాను. ముందు వరుసలో కూర్చున్న శ్రీలత చప్పట్లు కొట్టలేదు. అడ్డుకోగలిగినంత కాలం నేను దాన్ని అడ్డుకున్నాను. రెన్యువల్ ఫైలు ఏదో అభ్యంతరంతో మొదటి బల్లకే తిరిగొచ్చాక, వేరే దారి లేక ఒప్పుకున్నాను.

అది పనిచేసే తీరు మా తరానికి కొంచెం అవమానంగా ఉంటుంది. నొక్కడానికి బొత్తాలుండవు. నల్లటి తెర మీద ఆజ్ఞ టైపు చేయాలి. సరిగ్గా చేస్తే మాట్లాడకుండా పని చేసిపెడుతుంది, తప్పు చేస్తే ఎర్రటి అక్షరాల్లో తిడుతుంది. కొన్న సాఫ్ట్‌వేరు మనకు వంగి నమస్కారం పెడుతుంది. ఇది మాత్రం ‘ముందు నీకేం కావాలో నీకు తెలుసా’ అని అడుగుతుంది. ఎక్కడెక్కడి వాళ్లో తీరిక వేళల్లో రాసి అందరికీ వదిలేసిన సరుకు. లోపల ఏం జరుగుతోందో ఎవరైనా విప్పి చదవొచ్చు. మనకు కావలసిన బొమ్మ అందులో లేకపోతే నాలుగు వరుసలు రాసి గీయించుకోవచ్చు. బొమ్మలు మాత్రం, ఒప్పుకోవాలి, చాలా ముచ్చటగా వస్తాయి.

ప్రకంపనల్ని పట్టే లెక్క ఒకటుంది. గడిచిన ఒక్క సెకను సగటు కదలికను అంతకుముందు నిమిషం సగటుతో పోలుస్తుంది. ఇది దానికి ఇన్ని రెట్లు దాటితే ‘ఇక్కడేదో జరిగింది’ అని గుర్తు పెడుతుంది. ఆ రెట్లు ఎన్నో కొన్న సాఫ్ట్‌వేరులో కంపెనీవాళ్లే పెట్టి పోయారు, నేనెప్పుడూ ముట్టుకోలేదు. ఉచితమైనది నన్నే అడిగింది. ఎంత చిన్న ప్రకంపనా తప్పించుకోకూడదని బాగా తక్కువ పెట్టాను. అలా పెట్టినప్పుడు, గుర్తు పడ్డ ప్రతిచోటా గీతను కంటితో చూసి ఇది ప్రకంపనా కాదా అని తేల్చాలి. అది మా వృత్తిలో మొదటి పాఠం. కొత్త కళ్లద్దాలు వచ్చాక చూద్దాంలే అని వాయిదా వేశాను. శ్రీలతకు ఆ పని అప్పజెప్పేవాణ్నే, కానీ ఆమె అమ్రాబాద్‌లో కోతులు పీకేసిన తీగలు అతికించే పనిలో ఉంది.

కళ్లద్దాలు వచ్చేలోగా ఎరుపు రంగు కడ్డీల పటం వచ్చేసింది. రోజుకొక కడ్డీ, ఎన్ని గుర్తులు పడితే కడ్డీ అంత ఎత్తు. ధరూర్ వైపు కేంద్రంలో కడ్డీలు తాడిచెట్లలా లేచాయి. శ్రీరంగాపూర్‌లో లేవు, అమ్రాబాద్‌లో లేవు. ఇవి మరీ చిన్న ప్రకంపనలు కాబట్టి అంత దూరం చేరలేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మూడు వృత్తాల వాక్యం ఇందాక మిమ్మల్ని గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే.

ఆ పటంలో ఇంకో వింత ఉంది. అమావాస్య వచ్చింది, ఆ రోజు కడ్డీ లేదు. మళ్లీ అమావాస్య వచ్చింది, మళ్లీ లేదు. కేంద్రం పెట్టిన తొలిరోజు కూడా అమావాస్యే, ఆ రోజూ లేదు.

ఆ మధ్యాహ్నం నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. సూర్యుడు, చంద్రుడు కలిసి సముద్రాన్నే కాదు, నేలను కూడా కొద్దిగా లాగుతారన్నది నిజమే. అమావాస్యనాడు ఇద్దరూ ఒకే పక్క నుంచి లాగితే రాతి పగుళ్లు బిగుసుకుని ప్రకంపనలు ఆగిపోతున్నాయన్నమాట! మరి పున్నమినాడు కూడా ఏదో ఒక తేడా కనబడాలి కదా అని నా మనసే అడిగింది. దాన్ని కూర్చోబెట్టాను. ఈ సిద్ధాంతాన్ని అంతర్జాతీయ సదస్సుకు పంపానని బంధువులకు చెప్పాను. పంపింది హైదరాబాదులోనే మా పక్క వీధి సంస్థ పెట్టిన వర్క్‌షాపుకు. అదీ ప్రసంగం కాదు, గోడకు అతికించే పోస్టరు.

అంతటితో ఆగితే బాగుండేది. వారం వారం జిల్లాకు పంపే నివేదికలో కూడా రాశాను. ‘ఈ గ్రామం కేంద్రంగా ప్రకంపనల గుంపు నమోదవుతున్నది, తీవ్రత పెరిగే అవకాశాన్ని తోసిపుచ్చలేము.’ కింద ఎర్ర కడ్డీల పటం. తోసిపుచ్చలేము అన్నది మా భాషలో మామూలు మాట. ఏదీ తేలనప్పుడు వాడతాం. చదివేవాళ్లకు అది అలా వినబడదు.

తహసీల్దార్ మేడం ఫోను చేశారు. జాగ్రత్తగల మనిషి, చెప్పింది చేసే మనిషి. మా కేంద్రాన్ని ఆనుకుని ఉన్న సందులో అన్నీ పాత మట్టి గోడల ఇళ్లు. వానలు పడేలోగా వాళ్లందరినీ బడి హాలులోకి మారుస్తున్నానని, మర్నాడు ట్రాక్టర్లు వస్తాయని, నేను వచ్చి జనానికి నాలుగు మాటలు చెప్పాలని అన్నారు. కలెక్టరేట్ మొత్తం నా సలహా కోసం ఎదురుచూసిందని చెబుతుంటానే, అది ఈ ఒక్క ఫోను.

మర్నాడు పొద్దున శ్రీలతను వెంటబెట్టుకుని వెళ్లాను. పంచాయతీ ముందు జనం, ట్రాక్టర్లు. మేడం పరిచయం చేశాక నేను భూమి పొరలు మొదలుకుని చంద్రమండలం దాకా మాట్లాడాను. నేను నీళ్లు తాగడానికి ఆగినప్పుడు, ముందు నిలబడ్డ ఒక నడివయసు మనిషి చేయి పైకెత్తాడు. ఆ సందులో మొదటి ఇల్లు అతనిదే. పేరు తిమ్మప్ప. గద్వాల చీరలు నేస్తాడు.

“సారూ, మమ్ములను పొమ్మంటె పోతం. మగ్గం ఎట్ల వస్తది? అది గుంటల ఉన్నది. మొన్ననే కొత్త పడుగెక్కించిన. గిప్పుడు ఇప్పితే పోగులన్ని చిక్కువడి తెగుతయి. ఇంట్ల ముసలవ్వనన్న ఎత్తుకపోవచ్చు గని, పడుగును ఎత్తుకపోరాదు.”

పడుగంటే చీర పొడవునా సాగే దారాలు. వాటిని వరుసగా పేర్చి మగ్గానికి బిగించడమే పెద్ద పని. నేత సగంలో ఉండగా విప్పితే దారమూ పోతుంది, పట్టూ పోతుంది. ఆ నూలు ఇచ్చిన షావుకారు ఇంకోసారి నూలు ఇవ్వడు. గుంట మగ్గమంటే మనిషి కూర్చుని కాళ్లు దింపడానికి నేలలో గొయ్యి తవ్వి, గుంజలు నేలలోకే పాతిన మగ్గం. దాన్ని ట్రాక్టరెక్కించడమంటే బావిని ట్రాక్టరెక్కించడమే.

“ప్రాణం ముఖ్యమా, చీర ముఖ్యమా తిమ్మప్పా?” అన్నారు మేడం మెత్తగానే.

“చీర లేకుంటె పానం పెట్టుకొని ఏం జేస్త మేడం? సారును జర నికరంగ చెప్పమనుండ్రి. భూమి పగుల్తదా, పగలదా?”

అందరూ నావైపు చూశారు. నేను మళ్లీ చంద్రుణ్ని అడ్డం పెట్టుకున్నాను. ప్రకంపనలు అమావాస్యనాడు మాత్రమే ఆగుతున్నాయని, ఇది చాలా అరుదైన విషయమని చెప్పాను.

తిమ్మప్ప పక్కన నిలబడ్డ అతని భార్య నాగమ్మ చటుక్కున అంది. “అమాసనాడు మేము గూడ ముట్టం సారూ. మగ్గాలన్ని బంద్. మా తాతల కాడికెల్లి అంతే.”

పాపం, ఈ ఊరివాళ్లకు ఎన్ని నమ్మకాలో అని మనసులో అనుకుని, ఆమెకేసి దయగా తలూపాను. ఆ తలూపుడు తలుచుకుంటే ఇప్పటికీ మెడ పట్టేస్తుంది. శ్రీలత మాత్రం నాకేసి చూడకుండా నాగమ్మకేసి చూసింది. తర్వాత గది తాళంచెవి అడిగింది. యథాప్రకారం అది యాదగిరి దగ్గరుంది.

అన్నాల వేళకు సామాన్లు సర్దుకోమని చెప్పి జనాన్ని పంపించారు. ఎండ కాస్త తగ్గాక ట్రాక్టర్లు ఎక్కించాలని నిర్ణయం. నేను మా కేంద్రం గదిలో కూర్చుని టిఫిన్ డబ్బా విప్పాను. శ్రీలత ల్యాప్‌టాప్ తెరిచి నల్ల తెర మీద ఏవో ఆజ్ఞలు కొడుతోంది. నేను గీయించింది రోజుకెన్ని అనే పటం. ఆమె ఏ రోజు, ఏ గంటకు అనే పటం గీయించింది. దానికి నాలుగే వరుసలు రాసింది. ఉచిత సాఫ్ట్‌వేరుతో వచ్చే ఇబ్బంది ఇదే, ఎవరికి ఏం కావాలంటే అది అడగొచ్చు.

తెర మీద రోజుకొక వరుస. ప్రతి వరుసలో పొద్దున కొంత సేపటికి చుక్కలు మొదలవుతాయి. మధ్యాహ్నం కాసేపు ఖాళీ. మళ్లీ చుక్కలు. పొద్దుగూకితే ఆగిపోతాయి. రాత్రంతా ఏమీ లేదు.

ఆమె డబ్బాలోంచి నా పచ్చడి కొంచెం తీసుకుని అడిగింది.

“సార్, మీ చంద్రుడు మధ్యానం అన్నం తిననీకి పోతడా?”

నేను తెరకేసి వంగాను. నోట్లో ముద్ద ఉంది. ఆమె ఒక చోట గీతను పెద్దది చేసింది. భూకంపం గీత ఎలా ఉంటుందంటే, మొదట చిన్న అల వస్తుంది, కాస్త ఆగి పెద్ద అల, తర్వాత నెమ్మదిగా సద్దుమణుగుతుంది. ఇక్కడ అలాంటిదేమీ లేదు. దెబ్బ, విరామం, దెబ్బ, విరామం, దువ్వెన పళ్లలా. భూమి ఎప్పుడూ అంత క్రమశిక్షణగా ఉండదు. అంత పద్ధతిగా ఉండేది ఏదో పని చేసుకుంటున్న మనిషే.

అప్పుడే వెనక గోడ అవతల టక్ మంది. తెర మీద గీత ఎగిరింది. మళ్లీ టక్. మళ్లీ ఎగిరింది. ట్రాక్టరు ఎక్కేలోగా నేయగలిగినంత నేద్దామని తిమ్మప్ప మగ్గంలో కూర్చున్నాడు. చీరకు అడ్డంగా వేసిన దారాన్ని దగ్గరికి కొట్టే దెబ్బ అది. అతని మగ్గం గుంజలు పాతింది, నా యంత్రం పెట్టింది ఒకే గుండు మీద. మధ్యలో ఉన్నది గోడ ఒక్కటే. నేను చప్పుడు పరీక్ష చేసింది, నేతవాళ్లందరూ మగ్గం ముట్టని రోజున. యాదగిరి మాట విని మర్నాడు వచ్చి ఉంటే, తాళం తీయకముందే టక్ టక్ వినబడేది.

“ఇంకోటి చెప్త సార్, గుస్స కావద్దు” అంది శ్రీలత. “ఈ మనుషుల్ని మీరు చెప్పినట్టే బడిలకు పంపిస్తరు. మగ్గాలు ఆగుతయి. అంటే ప్రకంపనలు గూడ ఆగుతయి. మీ రిపోర్టు నిజమైనట్టే. మీకు సన్మానం చేస్తరు.”

ఒక్క క్షణం ఆ సన్మానం నా కళ్ల ముందు కదిలిందని చెప్పక తప్పదు. శాలువా రంగు కూడా కనబడింది. ఎవరికీ అనుమానం రాదు. కడ్డీలన్నీ వరుసగా నేలకు దిగిపోతాయి. పోస్టరు పోస్టరులాగే ఉంటుంది. గోడ అవతల టక్ టక్ మాత్రం ఆగలేదు. కొంచెం వేగం కూడా పెరిగింది. మనిషి పొద్దుతో పరుగు పెడుతున్నాడు.

“మిగతా రెండు కేంద్రాల్లో ఏమున్నాయో చూడు. మూడింటిలోనూ పడ్డవి ఉంటే అవి మాత్రమే తియ్యి” అన్నాను. ఆమె తీసింది. నిజం ప్రకంపనలు ఉన్నాయి, వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని. అవి చీమ తుమ్మినంత. నది అవతల, ఊరికి దూరంగా పుట్టినవి. వాటికి గోడలు పడవు.

నేను వెళ్లి మేడంను గదిలోకి పిలుచుకొచ్చాను. మాటలతో చెబితే అర్థమయ్యేలా చెప్పగలననే నమ్మకం నా మీద నాకు అప్పటికే పోయింది. గోడకు నోరు పెట్టి అరిచాను.

“తిమ్మప్పా! ఒక్క నిమిషం ఆగు!”

“ట్రాక్టరొచ్చిందా?” అవతల నుంచి గొంతు.

“రాలేదు. ముందు ఆగు. నేను చెప్పినప్పుడు కొట్టు.”

టక్ ఆగింది. గీత చదునుగా పడుకుంది. కొట్టమన్నాను. గీత ఎగిరింది. ఆగమన్నాను. పడుకుంది. మేడం కుర్చీ అంచుకు జరిగి, తెరనూ గోడనూ మార్చి మార్చి చూశారు.

“అంటే నేను భూకంపానికి భయపడి, భూకంపాన్నే ఖాళీ చేయిస్తున్నానా?” అన్నారు.

“అవునండీ” అన్నాను. నా ఉద్యోగ జీవితంలో నేను చెప్పిన అతి చిన్న నివేదిక అదే.

“మీ పటం చూసి కదండీ నేను ఆర్డరు రాసింది?”

“తప్పు పటానిది కాదు మేడం. అడిగింది నేను. ఎన్ని అని అడిగాను, ఎప్పుడు అని అడగలేదు.”

ఆమె ఆర్డరు కాగితం మడిచి పక్కన పెట్టారు. తర్వాత ఇళ్లు ఖాళీ చేయనక్కర్లేదని రాసివ్వమన్నారు. రాసిచ్చాను. ‘తోసిపుచ్చలేము’ అనే మాట రాకుండా రాశాను. ఆ మాట లేకుండా వాక్యం ముగించడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. ట్రాక్టర్లు ఖాళీగా తిరిగిపోయాయి.

కబురు సందులో పాకేసరికి గది ముందు జనం చేరారు. మొదట వచ్చింది తిమ్మప్పే, భుజం మీద నూలు పోగులతో.

“ఏంది సారూ, గిన్ని దినాలు మీరు బుగులువడ్డది నా మగ్గానికా?”

“నీ మగ్గానికే తిమ్మప్పా.”

“మరి చంద్రుడు?”

“ఆయనకు సంబంధం లేదు.”

“పాపం, ఆయననెందుకు బద్నాం జేసిన్రు?”

సందంతా నవ్వింది. ఆ తర్వాత అందరికీ తమ తమ భూకంపాలు చూసుకోవాలని పుట్టింది. ఒక్కొక్కరూ గుమ్మం దగ్గర గెంతడం, తెర దగ్గరికి పరిగెత్తుకొచ్చి నాది ఎంత లేచిందని అడగడం. యాదగిరి కూడా గెంతాడు. సున్నితమైన యంత్రం చుట్టూ ఇలా గెంతించడం మా నియమావళిలో నేరం. కానీ ఆపే ముఖం నాకు లేదు.

“అందరు ఒక్కపారి దుంకితె నా దెబ్బ ఏడ కనవడ్తది? జరుగుండ్రి!” అని తిమ్మప్ప వాళ్లను తరిమి, ఇంట్లోకి పోయి కొట్టి చూపించాడు. గీత బాగానే లేచింది. తర్వాత నాగమ్మ కూర్చుంది. ఇంకా పైకి లేచింది. శ్రీలత రెండు గీతలూ ఒకదాని కింద ఒకటి పెట్టి గీయించింది. సందేహానికి తావు లేదు.

“నేనెప్పటికెల్లో చెప్తున్న, ఈయన కొట్టుడు వదులుంటదని. గిప్పుడు మిషినే చెప్పింది” అంది నాగమ్మ.

“సారూ, గిది గూడ తప్పు పటమే అని రాసియ్యుండ్రి” అన్నాడు తిమ్మప్ప.

రాసివ్వలేదు. ఒక రోజుకు ఒక సవరణ చాలు.

తర్వాతి కథ ఎక్కువ లేదు. కేంద్రాన్ని ఊరి బయట మరో గుండు మీదికి మార్చాం. ఈసారి చప్పుడు పరీక్ష పని రోజున చేశాం. రోజు ఎంచింది యాదగిరి. పోస్టరును వెనక్కి తీసుకుంటూ నేను రాసిన ఉత్తరం శాస్త్ర ప్రపంచంలో కలకలం రేపిందని చెబుతుంటాను. ‘సరే’ అని ఒక్క మాట జవాబు వచ్చింది. తాళంగుచ్చే సాఫ్ట్‌వేరు ఫైలు ఇప్పటికీ ఏదో ఒక బల్ల మీద ఉండే ఉంటుంది. దాని అవసరం మాకు మళ్లీ రాలేదు. ఆ పడుగు మీది చీరలన్నీ పూర్తయి గద్వాలకు చేరాయని, భార్యాభర్తల గీతల పటం మగ్గం పైన గోడకు కట్టి ఉందని, దాన్ని అక్కడి నుంచి తీయడానికి తిమ్మప్ప రెండుసార్లు ప్రయత్నించాడని శ్రీలత చెప్పింది.

ఈ ఘటన తర్వాత దేశంలోని భూకంప కేంద్రాలన్నిటి నియమాలూ మార్పించానని ఈ వ్యాసం మొదటి ప్రతిలో రాశాను. కొట్టేస్తున్నాను. మారింది మా విభాగం స్థల పరిశీలన ఫారంలో ఒక్క వరుస, అదీ శ్రీలత చేర్చింది. కొత్త చోట యంత్రం దింపే ముందు, గోడ అవతల ఎవరుంటారు, ఏం పని చేస్తారు, వాళ్లకు సెలవు ఏ రోజు అని అడిగి రాయాలి. గుర్తు పడ్డ ప్రతి గీతనూ కంటితో చూశాకే లెక్కలోకి తీసుకోవాలి. ఇవన్నీ అయ్యాక కూడా కారణం దొరక్కపోతే, అప్పుడు చంద్రుణ్ని అడగొచ్చు.